అత్తగారి కాలు

"ఈ నెలలో తేల్చావా సరే, లేదంటే నీ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు!"

మేనేజరు అలా అరిచాడంటే అరవడా మరి! కంపెనీ క్లచ్ ప్లేట్లు ఏడాది తిరక్కుండానే మాడిపోయి వెనక్కొస్తున్నాయి. పరీక్ష గదిలో మాత్రం నిక్షేపంగా ఉంటున్నాయి.

తిట్లు తిన్న ఇంజనీరు ఇంటికెళ్తూ ఆలోచించాడు. గదిలో యంత్రం క్లచ్‌ని బుద్ధిగా తొక్కుతోంది. లోకంలో అంత బుద్ధిమంతులెవరున్నారు? కావలసింది చెత్త కాలు. అది ఇంట్లోనే ఉండగా ఊరంతా వెతకడమెందుకు!

అత్తగారు! ఈ వయసులో లైసెన్సు తెచ్చుకుని, మొదటి రోజే గేటు దాటకుండా కారుని మూడుసార్లు ఆపేసిన మహాతల్లి.

తన కారు క్లచ్ పెడల్ కింద, ప్రతి తొక్కుడూ నమోదు చేసే చిన్న మీటరు బిగించాడు. రోజూ ఆఫీసు నుంచి రాగానే ఆవిడ చేతిలో తాళం పెట్టేవాడు.

"అత్తయ్యగారూ, కింద సెల్లార్లో కారుంది, అలా తిరిగి రండి."

"ఎందుకు బాబూ మీకు శ్రమ!" అంటూనే ఆవిడ తాళం పుచ్చుకుని వెళ్లేది. "మా అమ్మంటే ఈయనకెంత ప్రేమో!" అని భార్య మురిసిపోయింది.

నెలాఖరున మీటరు విప్పాడు. నున్నటి తొక్కుళ్లన్నీ తనవి, అడ్డదిడ్డమైనవన్నీ ఆవిడవి అని ఇట్టే విడదీశాడు. తనది వెన్నలాంటి కాలు కదా! ఆవిడదో? అబ్బబ్బ, ఆగినచోటల్లా పెడల్ సగం తొక్కిపట్టే హాఫ్ క్లచ్, కదిలినచోటల్లా కుదుపు. పైగా ఊరికే పెడల్ మీద పాదం ఆనించి కూర్చోవడం!

ఆ లెక్కలతో కంప్యూటర్లో అరుగుదల నమూనా కట్టాడు. యంత్రానికి ఆ తొక్కుడు నేర్పి 'అత్తగారి కాలు' అని పేరు పెట్టాడు. పాత ప్లేటు పొద్దున ఎక్కిస్తే మధ్యాహ్నానికి పొగ! గదిలో వాళ్లంతా దగ్గుతూనే గంతులేశారు. ప్లేటు మీద ప్లేటు మాడ్చి, చివరికి ఆ కాలికి కూడా లొంగని ప్లేటు చేశారు. అది మార్కెట్లో దుమ్ము దులిపింది. మనవాడి కుర్చీ నిలవడమేమిటి, ఏకంగా మేనేజరు పక్క కుర్చీ దక్కింది.

సన్మానం రోజు తన మెళ్లో దండ తీసి అత్తగారి మెళ్లో వేశాడు.

"ఈ ఘనతంతా మా అత్తయ్యగారి చెత్త కాలిదే!"

హాలంతా పడీపడీ నవ్వింది. ఎవరో మైకు ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ మెలికలు తిరిగిపోయింది.

"అయ్యో బాబూ, నాకు కారంటే చచ్చేంత భయం, మీరంత ప్రేమగా ఇస్తుంటే కాదనలేక తాళం పర్సులో వేసుకుని నెలంతా బస్సులోనే తిరిగొచ్చాను, ఆ కారు మీరు తప్ప ఇంకెవరూ నడపలేదే!"