మెడూసా ముఖం

"అమ్మా, నీ వంతు. పాచిక వెయ్యి," అంది మిర్తో.

ఎవాంథియా వెయ్యలేదు. చేతిలోని కార్డునే చూస్తోంది. జుట్టంతా పాములున్న గ్రీకు పురాణాల రాక్షసి మెడూసా, నోరంతా తెరిచి అరుస్తోంది. చెంప మీది పుట్టుమచ్చ, ముందుపళ్ల మధ్య సందు అచ్చంగా తనవే.

పదేళ్ల మిర్తో ఏథెన్స్‌లో తండ్రి దగ్గర సెలవులు గడిపి, పోయినవారమే ఈ ఆటతో వోలోస్‌లోని ఇంటికి తిరిగొచ్చింది. ఇందులో బొమ్మలన్నీ వేసింది ఆ తండ్రి స్తాథిసే. అతనితో విడాకులై రెండేళ్లయింది.

"ఇది దుకాణాల్లో కూడా అమ్ముతున్నారా?"

"ఆ, మా క్లాసులో సగం మంది కొనుక్కున్నారు."

"మీ నాన్నకి నా మీద ఇంత కసి ఉందనుకోలేదే తల్లీ. నన్ను రాక్షసిని చేసి ఊరూరా అమ్ముకుంటున్నాడు."

"నాన్ననేమీ అనకు. నాన్న ముందు వేసిన మెడూసా అందంగా ఉంది. దాన్ని చూస్తే ఎవరికీ భయం వెయ్యదని కంపెనీవాళ్లు తిప్పి పంపేశారు."

"అయితే?"

"ముందటేడు ఈస్టర్‌కి ఎర్రరంగేసిన గుడ్లు పగలగొట్టానని నా మీద అరిచావు చూడు, అప్పుడు నేను ఫోన్లో తీసిన ఫొటో నేనే నాన్నకిచ్చాను. నాన్న వద్దంటే వద్దన్నాడు. నేనే పట్టుబట్టాను." మిర్తో గర్వంగా నవ్వింది. "క్లాసులో అందరూ జడుసుకున్నారు. నాకైతే అలవాటేగా!"

ఎవాంథియా కార్డు బల్ల మీద పెట్టింది. కూతురి తల నిమరబోయి చెయ్యి చాచింది.

మిర్తో గబుక్కున రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.