అవతలి ఒడ్డు దీపం

కొండల నడుమ ఈ సరస్సు పక్కన మొదట కాపురం పెట్టింది ఒక పడవవాడు. వాడికి ఈ ఒడ్డున పెళ్లాం, ఆ ఒడ్డున ఇంకొకతె. చీకటి పడగానే ఇద్దరూ లాంతర్లు వెలిగించేవారు. వెలుగు ఎక్కువున్న వైపు పడవ తిరిగేది. ఒక రాత్రి ఇద్దరూ పోటీపడి వత్తులు పెంచారు. పడవ ఏ ఒడ్డుకీ చేరలేదు. అప్పటినుంచీ ఆ ఒడ్డు ఖాళీ. ఈ ఒడ్డున పడవవాళ్ల భార్యలు రేవులో లాంతరు పెడతారు కానీ, వత్తి మాత్రం పెంచరు.

ఇదీ మా ఊరి చరిత్ర. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు చెబితే, రెండు లాంతర్లు కొట్టుకుంటే ఊరు పుట్టిందా అని నవ్వాను.

ఈ రాత్రి చేపలకు వెళ్లిన మా ఆయన కోసం రేవులో కూర్చున్నాను. తెడ్ల చప్పుడు దగ్గరవుతోంది. అంతలో ఎదుటి ఒడ్డున దీపం వెలిగింది. తెడ్లు ఆగాయి. కాసేపటికి మళ్లీ వినిపించాయి, దూరమవుతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. లాంతరు మీద చెయ్యి వేశాను.

"పెంచకే తల్లీ!" వెనకనుంచి అత్తగారు నా భుజం పట్టుకుంది. "పోటీకి నువ్వున్నావని దానికి తెలిసిపోతుంది."

"తెలియనీ అత్తయ్యా! నా మొగుణ్ణి పిలవడానికి అదెవతె?"

వత్తి పూర్తిగా పెంచాను. ఎదుటి ఒడ్డు చీకటైపోయింది. తెడ్ల చప్పుడు ఇటు తిరిగింది. చూశారా అన్నట్టు అత్తగారి వైపు తిరిగాను. ఆవిడ నీళ్లకేసే చూస్తోంది.

మా ఆయన పడవలో లాంతరు తీసుకెళ్లడు. వస్తున్న పడవలో ఒకటి వెలుగుతోంది. దాని వత్తిని ఎవరో నెమ్మదిగా పెంచుతున్నారు.