కట్టెల పాక మీద గుమ్మడికాయ

కట్టెల పాక మీద కాసిన గుమ్మడికాయను ముందు చూసింది ఎలీసమ్మ. అది నాదేనని ముందు అరిచింది పక్కింటి పున్నమ్మ. గొడవంతా అక్కడే మొదలైంది.

పాక ఇద్దరికీ ఉమ్మడి. ఇటువైపు ఎలీసమ్మ పత్తికట్టె పేర్చుకుంటే, అటువైపు పున్నమ్మ మిరపకట్టె పేర్చుకుంటుంది. వెనకాల ఇమ్మానియేలు మాస్టారి పెంటదిబ్బ. పాక కప్పంతా గుమ్మడాకులు ఎంత దట్టంగా అల్లుకున్నాయంటే, ఏ తీగ ఎటునుంచి ఎక్కిందో దేవుడికే తెలియాలి.

బుద్ధెరిగిన నాటినుంచి ఎలీసమ్మ ఊళ్ళోవాళ్ళ తోటల్లో మిరపకాయలు కోసిందే గానీ, సొంతానికి ఒక్క గింజ పెట్టిన పాపాన పోలేదు. ఏటా కోతల పండుగకు అందరూ తమ పంటలో మొదటి ఫలం చర్చికి తెస్తుంటే, ఈవిడ సత్తెనపల్లిలో కొన్న వంకాయలు తలొంచుకుని పెట్టొచ్చేది. పంతొమ్మిదివందల ఎనభై రెండులో ఇక తట్టుకోలేక స్త్రీల కూటంలో లేచి నిలబడింది.

"ఈ ఏడు మా దొడ్లో కాసిందే తెస్తాను."

పక్కనున్న పున్నమ్మ ఊరుకుంటుందా? తనూ లేచి అదే మాట అంది.

ఇద్దరూ ఒకే కాయలో గింజలు పంచుకుని, ఒకే రోజు పాదులు పెట్టారు. ఒకనాడు వీధి చివరింటి సైదాబీ మేక రెండు దొడ్లూ తిరిగొచ్చింది. ఆ మర్నాడే ఎలీసమ్మ పాదు చుట్టూ ముళ్ళకంప వేసి, మీద గోనెపట్టా కప్పేసింది. దిష్టి తగులుతుందట. అది చూసి పున్నమ్మ తన పాదుకు తాటాకులు కప్పింది.

"నీళ్ళు పోస్తున్నావా లేదా? నేను చూడనా?" అని మొగుడు అంకయ్య అడిగితే, "పోస్తున్నాలే, నువ్వు అటు రాకు," అని ఎలీసమ్మ కసిరేది.

అప్పటికింకా ఊళ్ళోకి టీవీ రాలేదు. సాయంత్రమైతే జనం వచ్చి గుమ్మడికాయను చూసేవాళ్ళు. పిందెకు వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని భయం కాబట్టి ఒకరికొకరు మోచేతులతో చూపించుకునేవాళ్ళు. కాయ మాత్రం ఎవరి మాటా పట్టించుకోకుండా బిందెంత అయింది.

"నా తీగదే," అనేది ఎలీసమ్మ.

"నీ తీగకంత ఓపికెక్కడిది వదినా? నాదే," అనేది పున్నమ్మ.

పండుగ ముందురోజు తగువు సంఘపెద్ద ఇమ్మానియేలు మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కాయ దింపించి, కత్తి తెప్పించి, గొంతు సవరించుకున్నారు.

"రెండు ముక్కలు చేసి చెరొకటీ ఇస్తాను."

ఎలీసమ్మకు చిన్నప్పటి సండేస్కూలు కథ గుర్తొచ్చింది. ఒక బిడ్డ కోసం ఇద్దరు తల్లులు కొట్లాడితే, కొయ్యొద్దన్నదే కన్నతల్లి అని తేల్చిన తీర్పు అది.

"కొయ్యకండి మాస్టారూ! పున్నమ్మకే ఇచ్చెయ్యండి," అంది కళ్ళొత్తుకుంటూ.

పున్నమ్మ చదివిందీ అదే సండేస్కూల్లో. "వద్దండీ, మా వదినకే ఇవ్వండి," అని ఇంకాస్త గట్టిగా ఏడ్చింది.

మాస్టారి చేతిలో కత్తి గాల్లోనే ఉండిపోయింది. ఇద్దరూ వద్దంటే ఏం చెయ్యాలో ఆయనకెవరూ నేర్పలేదు.

"సరే, ఆకులు తప్పిస్తూ తీగ వెంబడే పోదాం పదండి. మొదలు ఎవరి దొడ్లో ఉంటే కాయ వాళ్ళది," అన్నారు చివరికి.

ఇద్దరి ఏడుపూ ఒక్కసారే ఆగింది.

"మీకెందుకండీ శ్రమ, కోసెయ్యండి," అంది ఎలీసమ్మ.

"నాకు సగం చాలండి," అంది పున్నమ్మ.

మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఇరుగుపొరుగంటే ఇలా ఉండాలని అక్కడ చేరినవాళ్ళకు పావుగంట చెప్పి, కాయను సమంగా కోశారు. రేపు చర్చిలో తలెత్తుకుని నిలబడొచ్చనుకునేసరికి ఎలీసమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"అదృష్టవంతులమ్మా మీరు," అన్నారు మాస్టారు ముక్కలు అందిస్తూ. "మా పెంటదిబ్బ మీద కూడా ఒక గుమ్మడిపాదు దానంతటదే మొలిచింది. మీ పాక మీదికి పాకిందే గానీ, నా కంట ఒక్క కాయా పడలేదు."

ఆ సాయంత్రం ఎలీసమ్మ ముళ్ళకంప తప్పించి, రెండు నెలల కిందటే మేక కొరికేసిన తన పాదులోంచి ఎండిన తీగ మొదలు పీకి, కొంగుచాటున పట్టుకెళ్ళి మాస్టారి పెంటదిబ్బ మీద పారెయ్యబోతే, అచ్చం అలాంటి ఎండు మొదలే కొంగుచాటున పట్టుకుని పున్నమ్మ ఎదురైంది.