అమెడ్‌కు చుట్టుదారి

ఉదయం తొమ్మిదింటికి క్లుంగ్‌కుంగ్‌లో గుంగ్ రాకా కూతురు మిరా ఇంట్లోంచి వెళ్లిపోయింది. కాసేపటికి ఆమె ప్రేమించిన పుటు సుదానా తరఫు పెద్దలిద్దరు వచ్చి, పిల్ల తమ దగ్గరే ఉందని గుమ్మం బయట నిలబడి చెప్పి వెళ్లారు. ఎక్కడుందో చెప్పలేదు. చెప్పకూడదు, అది ఆచారం.

మధ్యాహ్నానికి డ్రైవర్ నెంగా కారు ఆ ఇంటి ముందు ఆగింది. రాకా ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక ఆయన అన్న ఓకా, ఒళ్లో ఎర్రగుడ్డలో చుట్టిన కత్తి.

లేచిపోయిన పిల్లను పుట్టింటివాళ్లు వెతకాలి. మామూలు ఇళ్లలో నాలుగు వీధులు తిరిగి, నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. ఇది రాజుల ఇల్లు. పుటు వరిపొలం చేసుకునేవాడి కొడుకు. సంధ్యవేళ వధూవరులకు శుద్ధిపూజ జరిగిపోతే ఇక పిల్లను ఎవరూ వెనక్కి తేలేరు. ఆలోపు దొరికితే తేవచ్చు. పుటు సంగతి కత్తి చూసుకుంటుంది.

ఆ ఇద్దరూ అమెడ్ సముద్రపొడ్డున ఎవరిదో ఇంట్లో ఉన్నారని నెంగాకు తెలుసు. పుటు అతని చిన్ననాటి స్నేహితుడు.

"నేరుగా అమెడ్ పోనీరా," అన్నాడు ఓకా. "బండి మీద అటు పోతుంటే చూశారట."



"ముందు పడంగ్‌బాయ్ రేవు," అన్నాడు రాకా. "లొంబోక్ దీవికి పోయే ఓడ ఎక్కేస్తే ఇక అమెడ్‌లో ఎవర్ని పట్టుకుంటాం అన్నయ్యా?"

ఓకా గొణిగాడు గానీ కాదనలేదు.

దారిలో గబ్బిలాల గుహ గుడి వచ్చింది. అటు పోయే బండ్లు ఆగి తీర్థం చల్లించుకుంటాయి. "ఆపు," అన్నాడు రాకా. దిగి, పూజారి ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు.

"పిల్లను వెతకడానికొచ్చావా, తీర్థయాత్రకొచ్చావా?" అని కారులోంచే అరిచాడు ఓకా.

రాకా తీరిగ్గా లేచి, నుదుటికి బియ్యం అద్దుకుని వచ్చాడు. "ఇవాళ ఈ చేతులకు రక్తం అంటొచ్చు. దేవుడికి ముందే చెప్పుకున్నా."

నెంగా ఆయన మొహం చూడలేకపోయాడు. ఓకాది అరిచే కోపం. ఈయన అరవడు.

రేవులో రాకా ఓడ కోసం ఆగిన లారీలన్నీ వెతికించాడు. కొన్నిటి టార్పాలిన్లు తనే ఎత్తి చూశాడు. ఓకా నీడలో కూర్చుని పుల్లలకు గుచ్చి కాల్చిన చేప సాతే రెండు పొట్లాలు తిన్నాడు. సూర్యుడు పడమటికి దిగాడు.

చండిదాసా దాటాక నెంగా కారు పక్కకు తీశాడు. "ఇంజిన్ వేడెక్కింది గుంగ్ అజీ," అన్నాడు, రాజుల ఇంటి పెద్దలను పిలిచే మర్యాదతో. " నీళ్లు పోయాలి."

"వేడి చూపే ముల్లు సగంలోనే ఉంది," అన్నాడు ఓకా ముందుకు వంగి. "ఎవరికి చెవిలో పువ్వు పెడుతున్నావురా?"

"కొండెక్కేటప్పుడు ఆగిపోతే నువ్వు తోస్తావా అన్నయ్యా?" అన్నాడు రాకా. నెంగా వైపు తిరిగాడు. "పొయ్యి. మళ్లీ ఆగిందో, నీ తోలు ఒలుస్తా."

నెంగా వీలైనంత నెమ్మదిగా నీళ్లు పోశాడు.

మళ్లీ బయలుదేరారు. అమ్లపురా దగ్గర నెంగా ఫోన్ మోగింది. తెర మీద పుటు అని పడింది. రాకా తీసుకుని చూశాడు.

"ఎవడు?" అన్నాడు ఓకా.

"పుటు," అన్నాడు రాకా.

"ఏ పుటు?"

"మా... మా మెకానిక్ గుంగ్ అజీ," అన్నాడు నెంగా. "ఈ దీవిలో రాయి విసిరితే పుటు అనే పేరున్నవాడికే తగుల్తుంది."

రాకా ఫోన్ ఆపేసి తన జేబులో వేసుకున్నాడు. "బండి నడిపేటప్పుడు కబుర్లేంటి?"

ఆయనకు తెలిసిపోయిందని నెంగా అనుకున్నాడు. 

నల్ల ఇసుక ఒడ్డుకు చేరేసరికి అగుంగ్ కొండ వెనక వెలుగు సన్నగిల్లింది. ఓకా అడిగితే, ఉప్పు ఎత్తుకుంటున్న ముసలాయన కొత్త పసుపు గుడ్డ కట్టిన గుమ్మం చూపించాడు. ఓకా కత్తి విప్పి పరిగెత్తాడు. నెంగా వెనకే పరిగెత్తాడు. లోపల పూజారి గంట మోగుతోంది. వాళ్లు గుమ్మం చేరేసరికి ఆగిపోయింది.

వాకిట్లో పూజకు కాల్చిన కొబ్బరిపీచు ఇంకా పొగలు చిమ్ముతోంది. పుటు, మిరా పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరి జుట్టుల్లోంచీ తీర్థం కారుతోంది. పూజారి సామాను సర్దుకుంటున్నాడు.

 ఓకా కత్తికి గుడ్డ చుట్టి, నేల మీద ఉమ్మి, కారు వైపు నడిచాడు. రాకా లోపలికి రాలేదు. గుమ్మానికి వీపు పెట్టి సముద్రం వైపు చూస్తున్నాడు.

పుటు తల్లి నెంగాను వంటింటి వెనక్కు పిలిచి కాఫీ ఇచ్చింది.

"నా ప్రాణం పోయిందనుకో అత్తా. కాస్త ముందొచ్చుంటే అంతే సంగతులు. నీళ్ల వంక పెట్టి నేనే ఆపా."

"ఆపావులే నాయనా. తాగు."

"ఇంతకీ రాజులకు ఎదురెళ్లి మీకీ ఇల్లు కుదిర్చిన మొనగాడెవడు?"

ఆమె గొంతు తగ్గించింది.

"మిరా వాళ్ల నాన్నే."