మడ్‌గార్డు అంచు

అక్కా, నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులు సర్దుకుని చదువుకో.

రెండేళ్ళకి మా ఆయన పాత కారు ముస్తాబు పూర్తయింది. కొత్త పొగగొట్టం పులిలా గర్జిస్తుందట. నాకైతే జలుబు చేసిన దున్నపోతు గుర్తొస్తుంది. స్ప్రింగులు కోసి బండిని ఎంత కిందికి దించాడంటే, చీమైనా వంగి దూరాలి. అది చాలక వెడల్పు చక్రాలు.

వెనక సీట్లో బరువు పడితే మడ్‌గార్డు లోపలి అంచు టైరును కోస్తోంది. టైరు తడిమి చూస్తే వేలికి గాట్లు తగిలాయి. ఆదివారం కొండదారిలో కార్ల ప్రదర్శనకు వెళ్ళాలి, టైరు పగిలితే లోయే. భయపడుతూనే చెప్పాను.

"నాలుగో తరగతి ఇంజినీరమ్మా, నువ్వు స్పానర్లు అందించు చాలు," అన్నాడు.

"దీని మాట వింటే బండేంట్రా, ఇల్లే నడవదు," అంది అత్తగారు.

నన్ను ఇంట్లో ఉండమని, తల్లి వెనక సీట్లో, కొడుకు ముందు, దర్జాగా వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చాక టైరు చూపించి, "ఏదీ, కొత్త గాటు ఒక్కటి చూపించు!" అని నవ్వాడు.

ఎలా పడుతుంది? శనివారం ఆయన పనికి వెళ్ళాక ఆ అంచును నేనే సుత్తితో టైరుకు తగలకుండా పైకి మడిచి కొట్టాను. పది నిమిషాల పని.

కానీ అక్కా, మొదటి దెబ్బ వేసే ముందు సుత్తి ఒళ్ళో పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను, అలాగే వెళ్ళనిద్దామా అని. ఆ గంట సంగతి నీకొక్కదానికే చెప్తున్నాను. చదవగానే ఈ ఉత్తరం కాల్చెయ్యి.