రెండో ముక్క

మేడం రెండో ముక్క రాయలేదు.

ముందు బెంచీలో ఉన్న కీర్తన వెంటనే పట్టేసింది. అది గుండ్రటి నీళ్ళ ట్యాంకు లెక్క. వ్యాసార్ధం, ఎత్తు రెండూ కొద్దికొద్దిగా మారితే ఘనపరిమాణం మొత్తం ఎంత మారుతుందో తేల్చాలి. దాన్నే టోటల్ డిఫరెన్షియల్ అంటారు. వ్యాసార్ధం వల్ల వచ్చే మార్పు ఒక ముక్క, ఎత్తు వల్ల వచ్చేది ఇంకో ముక్క. రెండూ కలిస్తేనే జవాబు. వందన మేడం మొదటిది మాత్రం రాసి, జవాబు అయిపోయినట్టు కింద గీత గీసేసింది.

మామూలు రోజైతే ఈపాటికి చేతులు లేచేవి. బోర్డు మీద కావాలనే ఒక తప్పు పెట్టడం, చెయ్యెత్తిన వాళ్ళను పిలిచి దిద్దించడం మేడం పద్ధతి. కానీ ఈ ఉదయం ఆళ్లగడ్డ బస్సు దిగి నంద్యాల కాలేజీకి వచ్చీ రాగానే ఆమె చెప్పిన మాట వేరు.

"ఈ పొద్దు తప్పుల ఆట లేదు. ప్రిన్సిపాల్ సార్ ఎనక బెంచీలో కూర్చుంటాడు. ఆయన సరే అంటేనే వచ్చే ఏడు నాకు ఈ ఉద్యోగం. దండం పెడతా, ఒక్కరూ చెయ్యెత్తగాకండి."

ఇది ఆటలో తప్పు కాదు. భయంతో చేసిన తప్పు.

"ఏందే, చెప్పేదా?" అని గుసగుసలాడింది పక్కనున్న హిమజ.

"చెప్తే మేడం ఉద్యోగం పోతాది. గమ్మునుండు."

అలవాటు కొద్దీ ఎక్కడ లేస్తాయోనని కీర్తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. వెనక నుంచి చెప్పుల చప్పుడు దగ్గరైంది. ప్రిన్సిపాల్ శేషయ్య జన్మంతా లెక్కలు చెప్పిన మనిషి. వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు.

"ఎవురికన్నా డౌటుందా?"

పిల్లలంతా నోటుబుక్కుల్లోకి తలలు వంచారు.

"బాగా చూసి చెప్పండప్పా."

"లేదు సార్!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

మేడం అప్పుడు తిరిగి బోర్డు చూసుకుంది. "సార్... ఎత్తు ముక్క మర్చిపోయినా."

"తప్పు నేనూ రాస్తానమ్మా. నా బాధ అది కాదు," అన్నాడు శేషయ్య. "ఒక్క చెయ్యన్నా లేస్తాదేమో అని ఇంతసేపూ చూస్తాండా. లెయ్యలేదు. ఏడాదంతా వీళ్ళకు నువ్వు ఏం నేర్పినట్టు?"

కీర్తనకు అప్పుడు అర్థమైంది. కాపాడుతున్నామనుకుంటూ మేడంను ముంచింది తామే. తొడల కింద నుంచి చేతులు తీసి లేచింది.

"మేడం, ఇప్పుడు చెయ్యెత్తొచ్చునా?"

ఆమె జవాబు చెప్పేలోపే క్లాసంతా చేతులు లేచాయి.