గేటు గేటుకో అంకె

"మేడం, మనిషి లోపల ఉండగానే గేటు పడిపోయింది!"

ఫోన్లో ఎవరో అరుస్తున్నాడు. రైల్వే గేటు పక్కన సైకిళ్ళు బాగుచేసే మనిషట. గేటు మీద రాసి ఉన్న నంబరు చూసి చేశాడు.

ఆ గేట్లను నడిపే ప్రోగ్రాము రాసేవాళ్ళలో ఆమె ఒకతె. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆ మనిషికి ఏమైనా..."

"ముసలావిడండీ. రెండు గేట్ల మధ్య ఇరుక్కుపోయింది. ఏదో అదృష్టం, రైలు అవతలి పట్టా మీద పోయింది. సైరన్ మోగిందో లేదో గేటు నెత్తిన పడుతోంది. వారం నుంచీ ఇదే వరస. ఏం చేశారండీ దానికి?"

ఏం చేసిందో ఆమెకు తెలుసు.

ఆ ప్రోగ్రాము రెండు ఆఫీసుల్లో తయారవుతుంది. ఎవరి కంప్యూటర్లో వారికి పూర్తి ప్రతి ఉంటుంది. రోజూ మధ్యాహ్నం ఆ ప్రతులన్నిటినీ కలుపుతారు. ఒకే లైనును ఇద్దరు రెండు రకాలుగా మారిస్తే కంప్యూటరు ఆగిపోయి అడుగుతుంది: మీదా, వాళ్ళదా?

సైరన్ మోగాక ఎన్ని సెకన్లకు గేటు పడాలి? ముప్ఫై గేట్లకూ ఇరవై అని ఈమె రాసింది. అవతలి ఆఫీసులో ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. ఒకదానికి ముప్ఫై నాలుగు, ఇంకోదానికి ఇరవై ఏడు, ఇలా గేటు గేటుకో అంకె. ఈమె మార్చడం, ఆయన మళ్ళీ మార్చడం. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టే ఆయనకు ఈ ఆఫీసులో పెట్టిన పేరు నత్తగారు.

కిందటి వారం ఫోన్ చేసి అడిగేసింది.

"ఏ లెక్కన వేశారండీ ఈ అంకెలు?"

"నడిచి చూశానమ్మా."

"ముప్ఫై గేట్లూనా?"

"కొన్నిచోట్ల పట్టాలు ఐమూలగా దాటాలి. కొన్నిచోట్ల కంకర. కాలు నిలవదు."

"మీ నడకతో కొలిస్తే జనమంతా గేటు దగ్గరే కాపురం పెట్టాలండీ!"

పక్క సీట్ల వాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"ఒక్కసారి వచ్చి నాతో నడవమ్మా" అన్నాడు.

ఆమె వెళ్ళలేదు. 'మాదే' అని నొక్కింది. మళ్ళీ తగువు రాకుండా ఆయన మార్పులను పాత చరిత్రతో సహా రెండు ఆఫీసుల్లోనూ తుడిచేసింది. ఆయన కంప్యూటరు నుంచి ఇక ఏమీ రాకుండా, దానికి ఏమీ పోకుండా తాళం వేయించింది కూడా ఆమే.

ఇప్పుడు రెండున్నర. నాలుగింటికి స్కూళ్ళు వదులుతారు.

"అన్నిటికీ అరవై పెట్టెయ్" అన్నాడు మేనేజరు.

"కొన్నిచోట్ల గేటు పడకముందే రైలు వచ్చేస్తుంది సార్. ఎక్కువైనా చావే, తక్కువైనా చావే."

"మరి ఆయన అంకెలు?"

"తుడిచేశాను కదా సార్."

మేనేజరు ఫోన్ అందుకున్నాడు.

"రైళ్ళు నెమ్మదిగా నడపమని చెప్పిస్తాను. ఎంతమంది వింటారో తెలీదు. ఆయన సొంత కంప్యూటర్లో ఉంటాయేమో, నువ్వు పరిగెత్తు!"

నత్తగారి ఫోన్ మోగడం లేదు.

దారిలో టాక్సీ ఒక గేటు దగ్గర ఆగింది. సైరన్ మొదలైంది. పట్టాల నడుమ ఒకడు తోపుడుబండి నెడుతున్నాడు. చక్రం కంకరలో దిగబడింది. ఆమె తనకు తెలియకుండానే లెక్కపెట్టింది. పదకొండు. పద్నాలుగు. వాడు భుజం ఆనించి తోస్తున్నాడు. పద్దెనిమిది. చక్రం కదిలింది. ఇరవై. వాడి వీపు వెనకే గేటు దబ్బున పడింది.

తను రాసిన అంకె ఎంత చిన్నదో ఆమె చూడడం అదే మొదలు.

అవతలి ఆఫీసులో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మెకానిక్ ఒకతను ఆయన కంప్యూటరు వైర్లు పీకుతున్నాడు.

"అన్నా, ఆగు! దాన్నేం చేస్తున్నావు?"

"చెరిపేసి వేరేవాళ్ళకి ఇమ్మన్నారు మేడం."

"చెరపకు. నీకు పుణ్యముంటుంది."

కావలసిన వైర్లు మళ్ళీ తగిలించి కంప్యూటరు తెరిచింది. తాళం పడడం వల్ల ఆమె చేసిన మార్పు ఆ ఒక్క కంప్యూటరుకు చేరలేదు. ముప్ఫై అంకెలూ ఉన్నాయి. ప్రతి అంకె పక్కనా ఒక చిన్న మాట ఉంది. 'వానలో నడిచాను.' 'పది కిలోల సంచితో నడిచాను.' 'కళ్ళు మూసుకుని, కర్రతో.'

తాళం తీయించి కలపబోతే కంప్యూటరు ఆగి అడిగింది. ముప్ఫై సార్లు అడిగింది. ఈసారి ప్రతి లైనూ చదివి, ఆయనదే ఉంచింది.

మూడూ యాభైకి చివరి గేటు నుంచి అంకె అందినట్టు జవాబు వచ్చింది. ఆమె ఆయన కుర్చీలో కూలబడింది.

"ఆయన ఎక్కడుంటారన్నా? కాళ్ళు పట్టుకోవాలి."

మెకానిక్ చేతిలోని వైరును మెల్లగా చుట్టాడు.

"శుక్రవారం పోయారు మేడం. నిద్రలోనే."



"అంత పెద్ద ఇంజనీరుని నత్త అని నవ్వాం..." అంది ఆమె.

"ఇంజనీరు కాదు మేడం. యాభై దాటాక నేర్చుకున్నారు ఇదంతా. ఈ బటన్ ఏంటి బాబూ అని నన్నే అడిగేవారు."

"ఆ వయసులో ఎందుకు?"

"పన్నెండేళ్ళ కిందట మా ఆఫీసు వెనకున్న రైల్వే గేటు దగ్గర ఒక తల్లీ ఇద్దరు పిల్లలూ పట్టాలు దాటుతూ రైలు కింద పడిపోయారు, గుర్తుందా?"



"ఆయన వాళ్ళా?"

"కాదు మేడం, వాళ్ళెవరో కూడా ఆయనకి తెలీదు" అన్నాడు మెకానిక్. "ఆ రైలు నడిపింది ఆయన."